రజాయి నుంచి స్లీపింగ్ బ్యాగ్ దాకా

మొన్న శనివారం హిమాయత్‌నగర్‌లో మా ఇంట్లో లాప్‌టాప్ ముందేసుకుని, స్లీపింగ్ బ్యాగుల ధరలూ బరువులూ ఎక్సెల్ షీట్లో ఎక్కిస్తుంటే అమ్మ తొంగి చూసింది. "పడుకునే సంచికి ఇన్ని వేలా? అటక మీద అమ్మమ్మ రజాయి ఉందిగా, పట్టుకెళ్ళు" అంది. నవ్వేశాను గానీ, అమ్మ మాటలో సగం నిజం ఉందని తర్వాత తెలిసింది.

అసలీ షీటు ఎందుకంటే... రెండేళ్ళ క్రితం డిసెంబర్లో నలుగురం ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్కుకి వెళ్ళాం. బ్యాగులు అద్దెకి తెచ్చుకున్నాం. వాటి మీద "-10" అని రాసుంది కదా అని ధీమాగా పడుకున్నాం. అర్ధరాత్రికి మా ఫ్రెండుకి వణుకు పట్టుకుంది, కాసేపటికి మాట తడబడింది. గైడు వాడి తడి సాక్సులు విప్పించి, వేడినీళ్ళ సీసాలు బ్యాగులో పెట్టి, పైన ఇంకో బ్యాగు కప్పాడు. తెల్లారేదాకా ఎవరికీ కునుకు లేదు. ఆ రాత్రి చలి -10కి దరిదాపుల్లో కూడా లేదు. మరి ఆ అంకెకి అర్థం ఏమిటి?

తవ్వుతూ పోతే కథ 1861 దగ్గర తేలింది. ఫ్రాన్సిస్ ఫాక్స్ టకెట్ అనే ఇంగ్లీషాయన ఆల్ప్స్ కొండల్లో దుప్పటిని సంచిలా కుట్టించి, అడుగున రబ్బరు పూత వేయించి పడుకుని చూశాడు. 1876లో వేల్స్‌కి చెందిన ప్రైస్ ప్రైస్-జోన్స్ "యూక్లీసియా రగ్" అని పేటెంటు తీసుకున్నాడు. ఊలు దుప్పటి, దానికే కుట్టిన గాలి దిండు. పోస్టులో సరుకు అమ్మే వ్యాపారాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఈయనొకడు. టర్కీతో యుద్ధంలో ఉన్న రష్యా సైన్యం ఏకంగా 60,000 ఆర్డరిచ్చింది. ఇంతలో 1877 డిసెంబర్లో ప్లెవ్నా కోట పడిపోయింది, మిగతా ఆర్డరు రద్దయింది. 17,000 రగ్గులు ఆయన నెత్తిన పడ్డాయి. క్లయింటు మధ్యలో ప్రాజెక్టు ఆపేస్తే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? ఆయన మాత్రం వాటిని తన కేటలాగులో పెట్టి అమ్ముకున్నాడు.

అయితే ఇవన్నీ ఊలు, అంటే బరువు. తేలిక చేసింది పక్షి నూగు. 1922 ఎవరెస్ట్ యాత్రకి జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు కూరిన కోటు కుట్టించుకుని వెళ్ళాడు. ట్వీడ్ కోట్ల పెద్దమనుషులు నవ్వారు. ఆయన రసాయన శాస్త్రవేత్త, పట్టించుకోలేదు. ఆ ఏడు జెఫ్రీ బ్రూస్‌తో కలిసి, ఆక్సిజన్ సాయంతో, 8,300 మీటర్లు దాటాడు. అంత ఎత్తుకి అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. అయినా 1924 జట్టులోకి ఆయన్ని తీసుకోలేదు! మంచి ఇంజనీరుకి అప్రైజల్లో అన్యాయం జరగడం కొత్తేం కాదన్నమాట.

ఇక అమ్మ మాట దగ్గరికొద్దాం. వేడిని నూగు పుట్టించదు, దూదీ పుట్టించదు. మన ఒంటి వేడిని ఆపేది మధ్యలో చిక్కుకున్న కదలని గాలి. నా చిన్నప్పుడు మా వీధిలోకి దూదేకులాయన పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవాడు. నారిని టంగ్ టంగ్‌మని మీటుతుంటే గడ్డకట్టిన దూది పొంగి రెండింతలయ్యేది. ఆయన చేస్తున్నది దూదిలోకి మళ్ళీ గాలిని ఎక్కించడమే. ఇవాళ బ్యాగుల మీద రాసే "ఫిల్ పవర్ 800" కూడా ఆ లెక్కే: 28 గ్రాముల నూగు పొంగితే దాదాపు 13 లీటర్ల చోటు నింపుతుంది. దూది అలా పొంగలేదు, అందుకే రజాయి అంత బరువు. తడిస్తే మాత్రం నూగు కూడా ముద్దయిపోతుంది. పాలియెస్టర్ బ్యాగు బరువెక్కువైనా తడిని కాస్త తట్టుకుంటుంది.

మరి -10 సంగతి? చాలాకాలం ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. 2000ల్లో యూరప్ వాళ్ళు ఈఎన్ 13537 అనే ప్రమాణం తెచ్చారు, తర్వాత అది ఐఎస్ఓ 23537 అయింది. వేడిచేసిన బొమ్మని బ్యాగులో పడుకోబెట్టి కొలుస్తారు. చలికి సంబంధించిన అంకెలు మూడొస్తాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. మొదటిది హాయిగా నిద్రపోవడానికి. రెండోది ముడుచుకుని ఎలాగో రాత్రి గడపడానికి. మూడోది ప్రాణం పోకుండా ఆరు గంటలు ఉండటానికి మాత్రమే, అదీ చలికి వేళ్ళు దెబ్బతినవన్న హామీ లేకుండా. మా అద్దె బ్యాగు మీద ఉన్న -10 ఆ మూడోది! చిన్న అక్షరాలు చదవకపోవడం మా తప్పు, పెద్ద అక్షరాల్లో ఆ ఒక్కటే వేయడం వాళ్ళ తప్పు.

ఇదంతా మనవాళ్ళకి సంబంధంలేని వ్యవహారం అనుకోకండి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో పుట్టి, సత్యంలో మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. అంత అనుభవం ఉన్నవాణ్ణే కొండ వదల్లేదు. వారాంతపు ట్రెక్కర్లం, మనమెంత?

అందుకే నా షీట్లో ఇప్పుడు మొదటి వడపోత ధర కాదు, బరువూ కాదు. కంఫర్ట్ అంకె. వెళ్ళే చోట రాత్రి చలి కంటే అది ఐదు డిగ్రీలు కిందుండాలి. దాన్ని దాటినవాటిలోనే తేలికైనది చూస్తున్నాను. ఒక కిలో తగ్గితే మోకాళ్ళకి సుఖమే, కాదనను. కానీ ఆ రాత్రి ఫ్రెండు తడబడిన మాట ఇంకా చెవిలో ఉంది.

అమ్మమ్మ రజాయి అంటారా? అది నాలుగు కిలోలుంది. ఈ చలికాలం ఇంట్లో కప్పుకుంటా.