ఎండోస్కోప్‌లు కడిగే గది: ఏడు దశాబ్దాల సింహావలోకనం

గాజుపోగుల కట్ట గుండా బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపవచ్చని 1954లో లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ నిరూపించారు. మూడేళ్లకే అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బాసిల్ హిర్షోవిట్జ్ బృందం ఆ పోగులతో, ఎటు కావాలంటే అటు వంగే గ్యాస్ట్రోస్కోప్ చేసి చూపింది. కత్తి పెట్టకుండా కడుపులోని పుండును కళ్లారా చూడగలగడం వైద్యంలో పెద్ద మలుపు. ఆ ఉత్సాహంలో ఒక సంగతి వెనకబడిపోయింది. ఒకరి కడుపులో తిరిగి వచ్చిన గొట్టాన్ని మరొకరి నోట్లో పెట్టేముందు ఎలా శుభ్రం చేయాలో ఎవరూ తీరిగ్గా ఆలోచించలేదు.

లోహపు పరికరాలైతే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి పెడితే సరిపోతుంది. ఈ కొత్త గొట్టంలో రబ్బరు, జిగురు, కటకాలు ఉన్నాయి. అంత వేడికి అవి నిలవవు. తొలినాటి స్కోపుల పిడి భాగాన్ని నీళ్లలో ముంచడానికి కూడా వీల్లేదు. బట్టతో తుడిచి, గొట్టం గుండా మందునీళ్లు పీల్చి వదలడమే అప్పటి శుద్ధి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్ల్ స్పాల్డింగ్ వైద్య పరికరాలను ప్రమాదస్థాయిని బట్టి మూడు తరగతులు చేశాడు. ఎండోస్కోప్ నడిమి తరగతిలో పడింది. దానికి స్టెరిలైజేషన్ (క్రిములను పూర్తిగా నిర్మూలించడం) తప్పనిసరి కాదు, ఉన్నతస్థాయి క్రిమిసంహారం చాలన్నారు. ఆనాటికి అది ఆచరణలో సాధ్యమైన పరిష్కారమే. కానీ పరికరం ఏటేటా జటిలమవుతున్నా ఆ రాజీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాతి కష్టాల్లో సగం అక్కడినుంచే వచ్చాయని నా అభిప్రాయం.

1960ల నుంచి గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక రసాయనం రాజ్యమేలింది. పరీక్ష జరిగే గదిలోనే ఓ మూల ట్రే, దాన్నిండా ఘాటైన ద్రవం, అందులో ఇరవై నిమిషాలు నానే స్కోపు. రోగులకు రక్షణ దొరికింది. దాని మూల్యం చెల్లించింది నర్సులు. కళ్ల మంటలు, చర్మవ్యాధులు, ఆస్తమా. బ్రిటన్‌లో ఆ రసాయనాన్ని దాదాపుగా వదిలేసేసరికి 2000ల తొలి ఏళ్లు వచ్చాయి. దాని స్థానంలో పెరాసెటిక్ ఆమ్లం, ఓపీఏ అనే మరో క్రిమిసంహారిణి వచ్చాయి. ఓపీఏకు అమెరికా లేబుల్ ప్రకారం పన్నెండు నిమిషాలు చాలు. సామర్థ్యం అంటే నానబెట్టే నిమిషాలు తగ్గించడమేనని చాలాకాలం నమ్మారు. అసలు పని ఆ ట్రేలో జరగదు. అంతకుముందు సింకు దగ్గర బ్రష్‌తో, డిటర్జెంట్‌తో చేసే కడుగుడే క్రిముల సంఖ్యను పదివేల నుంచి పది లక్షల రెట్లు తగ్గిస్తుంది. అక్కడ మురికి మిగిలితే ఏ మందూ దాని అడుగుకు చేరదు.

1988లో బ్రిటిష్ గ్యాస్ట్రోఎంటరాలజీ సొసైటీ మార్గదర్శకాలు ఇచ్చింది. కడిగే యంత్రాలూ వచ్చాయి. అయినా 2010లో అమెరికాలో కోరి ఆఫ్‌స్టెడ్ బృందం ప్రచురించిన పరిశీలన కలవరపెట్టింది. చేత్తో శుద్ధిచేసిన స్కోపుల్లో అన్ని మెట్లూ పూర్తయినవి 1.4 శాతం. యంత్రం సాయం ఉన్నచోట 75.4 శాతం. దీన్ని సిబ్బంది సోమరితనంగా చదవడం అన్యాయం. వరుసగా ఎన్నో మెట్లు, సన్నటి గొట్టాలు, తలుపు అవతల ఎదురుచూసే తర్వాతి రోగి. ఆ ఒత్తిడిలో ఎవరి చెయ్యి అయినా ఒక మెట్టు దాటేస్తుంది.

ఆ తర్వాతి దెబ్బ డ్యుయోడెనోస్కోప్ నుంచి తగిలింది. పిత్తనాళంలోకి పనిముట్టును మళ్లించడానికి దాని కొసన చిన్న మీట ఉంటుంది. దాని వెనక సందులో క్రిములు దాక్కున్నాయి. రోటర్‌డామ్‌లో, సియాటిల్‌లో, లాస్ ఏంజిలిస్‌లో మందులకు లొంగని బ్యాక్టీరియా రోగులకు పాకింది. 2016 జనవరిలో అమెరికా సెనేట్ నివేదిక 2012-15 మధ్య ఇలాంటివి 25 సంఘటనలు, కనీసం 250 మంది బాధితులు అని లెక్క తేల్చింది. తయారీదారు చెప్పినట్టే కడిగిన ఆసుపత్రుల్లోనూ ఇలా జరిగింది. లోపం పరికరం రూపకల్పనలోనే ఉంది. 2019లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాడి పారేసే భాగాలున్న నమూనాలకు మారమని సూచించింది.

గది అమరిక విషయంలో మాత్రం బ్రిటన్ చాలా నేర్చుకుంది. 1996లో కొత్తరకం సీజేడీ అనే మెదడు వ్యాధి బయటపడడంతో, దానికి కారణమైన, మామూలు శుద్ధికి లొంగని ప్రియాన్లనే ప్రొటీన్ల భయం ఆసుపత్రులను కదిలించింది. ఏ స్కోపు ఏ రోగికి వాడారు, ఎవరు కడిగారు, ఏ యంత్రంలో పెట్టారు అన్నది నమోదు కావాల్సిందే అన్నారు. పరీక్ష గదుల మూలల్లోని సింకులు పోయి, వేరే శుద్ధి విభాగాలు వచ్చాయి. మురికి గది ఒకవైపు, శుభ్రమైన గది మరోవైపు, మధ్య గోడలో రెండు తలుపుల యంత్రం. స్కోపు ఒకే దిక్కుకు నడుస్తుంది, వెనక్కి రాదు.

అసలు ఆదా ఆరబెట్టే అల్మరాలో ఉంది. బ్రిటన్ నియమం ప్రకారం శుద్ధిచేసిన స్కోపును మూడు గంటల్లో వాడకపోతే మళ్లీ కడగాలి. అల్మరా లేని ఆసుపత్రిలో ప్రతి ఉదయమూ నిన్న కడిగినవాటినే మళ్లీ కడగడంతో మొదలవుతుంది. వడకట్టిన గాలిని స్కోపు లోపలి గొట్టాల గుండా పంపే అల్మరా ఉంటే అవి రోజుల తరబడి సిద్ధంగా ఉంటాయి. తేమ మిగలదు కాబట్టి బ్యాక్టీరియా పొర కట్టదు. అలాగే పరీక్ష ముగియగానే మంచం పక్కనే స్కోపు గుండా డిటర్జెంట్ పీల్పిస్తే రక్తం ఎండి అంటుకోదు. నీళ్లలో ముంచే ముందే లీక్ పరీక్ష చేస్తే చిరిగిన స్కోపు లోపలికి నీరు చేరి మరింత పాడవదు. ఇవేవీ వేగంగా పనిచేయమని ఎవరినీ తరమవు. చేసిన పనే మళ్లీ చేసే అవసరాన్ని తీసేస్తాయి.

ఎండోస్కోపీ నేర్చుకోవడానికి విదేశీ వైద్యులు హైదరాబాద్ వచ్చే రోజులివి. రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లా కేంద్రాల ఆసుపత్రులు కూడా స్కోపులు కొంటున్నాయి. కొనుగోలు కాగితం మీద సంతకం చేసే పెద్దలకు ఒక విన్నపం. తర్వాతి స్కోపుకు డబ్బు మంజూరు చేసే ఫైల్లోనే ఆరబెట్టే అల్మరా, వేరే శుద్ధి గది, అందులో పనిచేసే టెక్నీషియన్‌కు శిక్షణ, పర్మనెంట్ ఉద్యోగం కూడా రాయండి.