పనిలో దెబ్బ తగిలిందా? రాయించాల్సిందే.. ‘ఇంట్లో పడ్డాడు’ అంటే నష్టం ఇదీ!

పెద్దాపురం మండలం జి.రాగంపేట ఆయిల్ ఫ్యాక్టరీలో 2023 ఫిబ్రవరి 9న ట్యాంక్ శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు. 2017 మార్చి 30న మొగల్తూరు ఆక్వా ప్లాంట్‌లో విషవాయువు ఐదుగురిని బలి తీసుకుంది. ఇలాంటివి దాచినా దాగవు. కానీ రైస్ మిల్లు బెల్టులో వేలు నలిగితే? రొయ్యల ప్లాంట్‌లో జారి చేయి విరిగితే? కట్టు కట్టించి ఇంటికి పంపేస్తే అది ఎక్కడా లెక్కలోకి రాదు.

చట్టం ఏం చెబుతోంది?
ప్రాణం పోయినా, దెబ్బ వల్ల కార్మికుడు 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేకపోయినా ఫ్యాక్టరీ యాజమాన్యం అధికారులకు నోటీసు పంపాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని సెక్షన్ 88 చెప్పింది ఇదే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఈ 48 గంటల లెక్క అలాగే ఉంది.

ఈఎస్‌ఐ ఉంటే..
* యాక్సిడెంట్ బుక్ తప్పనిసరి. చివరి ఎంట్రీ తర్వాత 5 ఏళ్లు దాచాలి.
* మరణం, తీవ్ర గాయమైతే వెంటనే, మిగతావైతే 24 గంటల్లో రిపోర్ట్ ఇవ్వాలి.
* కార్మికుడు నోటిమాటగా చెప్పినా చాలు. అతని తరఫున వేరేవాళ్లు బుక్‌లో రాయించినా చెల్లుతుంది.

తేడా ఎంత?
పనిలో గాయమని నమోదైతే, కోలుకునేదాకా జీతంలో సుమారు 90 శాతం అందుతుంది. ఉద్యోగంలో చేరిన తొలిరోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ‘ఇంట్లో పడ్డాడు’ అని రాస్తే మాత్రం అది మామూలు అనారోగ్యం కిందకే వస్తుంది. అప్పుడు 70 శాతమే, అదీ ఏడాదిలో 91 రోజులే. చందా రోజులు చాలకపోతే అదీ రాదు.

యజమాని దాచిపెట్టి బాగుపడేదీ లేదు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడికి ఈ డబ్బు ఇచ్చేది కార్పొరేషనే.

ఈఎస్‌ఐ లేకపోతే..
పరిహారం యజమానే కట్టాలి. మరణం, తీవ్ర గాయాలైతే 7 రోజుల్లో సంబంధిత అధికారికి రిపోర్ట్ పంపాలి.

జబ్బులూ లెక్కే!
మిషన్ల మోతతో చెవుడు, రాతి ధూళితో సిలికోసిస్.. ఇవి నోటిఫై చేసిన వృత్తి వ్యాధులు. వైద్యం చేసిన డాక్టర్ కూడా ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాలి. అందుకే ఆస్పత్రికి వెళ్తే చేసే పనేంటో, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారో డాక్టర్‌కు ముందే చెప్పండి.