లింట్ పరికరముల మిథ్యా హెచ్చరికలు

స్క్రిప్టును నడపకయే, దాని పాఠమును మాత్రము చదివి, తప్పుండవచ్చునని తోచిన పంక్తులను ఎత్తిచూపు సాధనములకు లింట్ పరికరములని పేరు. తప్పులేని పంక్తిని తప్పుపట్టినప్పుడు అది మిథ్యా హెచ్చరిక యగును. బట్టకంటిన నూగునకు ఇంగ్లీషున నున్న ఈ పేరును, 1978 నాటికి బెల్ ప్రయోగశాలలలోని స్టీఫెన్ జాన్సన్ తన సీ భాషా శోధకమునకు పెట్టెను. ‘ఎగ్జిట్’ అని పిలిచిన పిమ్మట ప్రోగ్రాము ముందునకు సాగదను సంగతి ఆ తొలి శోధకమునకే తెలియకపోవుటచే, అచ్చట ‘నాట్‌రీచ్డ్’ అని వ్యాఖ్య వ్రాసి దానిని ఊరకుంచవలసి వచ్చెడిది. తెవులును మందును ఒక్క కాన్పున పుట్టినవన్నమాట.

షెల్ స్క్రిప్టులకు విదార్ హోలెన్ 2012లో వెలువరించిన షెల్‌చెక్ ప్రసిద్ధము. స్క్రిప్టు తన అమరికలను వేరొక ఫైలునుండి తెచ్చుకొనునప్పుడు, ఆ ఫైలు కంటబడని షెల్‌చెక్, ఈ వేరియబుల్‌కు విలువ యెచ్చటను ఈయలేదని ‘ఎస్‌సీ2154’ సంఖ్యతో మొరపెట్టును. ఆ ఫైలు త్రోవను దానికి చూపుట ఉత్తమము. కుదరనిచో, ఆ పంక్తికి పైననే ఆ యొక్క సంఖ్యను నిలిపి, కారణము వ్రాసిపెట్టుట మధ్యమము. స్క్రిప్టంతటను హెచ్చరికలు మాన్పించుట అధమము. వరద హెచ్చరికలనే చూడుడు: ధవళేశ్వరమున గోదావరి నీటిమట్టము 11.75 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరికయు, 13.75కు రెండవదియు, 17.75కు మూడవదియు వెలువడును. మొదటిదానికే ప్రతి లంకయు మునుగదు గదా యని హెచ్చరికలే వలదను లంకవాసి యుండడు.

పరికరము నోరు మూయించుటకై మంచి కోడును మార్చుట అంతకన్న చేటు. వాల్‌గ్రైండ్ ప్రోగ్రామును నడిపి మెమరీ తప్పులను పట్టునది గనుక లింట్ కాకున్నను దాని జ్ఞాతియే; దాని ఫిర్యాదును తీర్చుటకై 2006లో డెబియన్ లినక్స్‌వారు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను గూఢలిపి లైబ్రరీలో రెండు పంక్తులను తొలగింపగా, యాదృచ్ఛికత ప్రాసెస్ సంఖ్యకు కుదించుకుపోయి, ఒక్కొక్క రకమున సుమారు 32 వేల తాళపుచెవులే పుట్టగలిగెను; 2008 మే నెలదాక ఈ సంగతి బయటపడలేదు.

తెలుగు సందేశములు గల స్క్రిప్టులకు మరియొక చిక్కు కలదు. ‘డౌన్‌లోడ్’ అను మాటలో నకార లకారములు ఒత్తుగా కలియకుండ నిలుపునది కంటికి కానరాని యొక అక్షరము. అదృశ్యాక్షరములను వెదకు పరికరములకు అది దొంగవలె తోచును. సున్న గతియు నింతే. యూనికోడువారి సమరూపాక్షరముల పట్టిక దానిని ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమునకు జతచేసినది. ఆ పట్టికను నమ్మిన హెచ్చరికకు లోబడి సున్నను తీసివేసినచో, రాజమండ్రి కాస్తా రాజమడ్రి యగును.