బందరు రంగులు, డాక్టరు గారి తెల్లకోటు

బందరు పక్కనే ఉన్న పెడనలో అద్దకం షెడ్డులోకి అడుగు పెడితే రంగులకంటే ముందు వాసన పలకరిస్తుంది. కరక్కాయ వగరు, పచ్చి గేదెపాలు, డ్రమ్ములో మాగుతున్న బెల్లం నీళ్ళ పులుపు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు బట్టల కొట్టు గుర్తు రాలేదు, మా అమ్మమ్మ మందుల పెట్టె గుర్తొచ్చింది. ఆ పెట్టెలోనూ కరక్కాయ ఉండేది, దగ్గొస్తే బుగ్గన పెట్టుకోమనేది. పటిక ముక్క ఉండేది, నోరు పూస్తే ఆ నీళ్ళతో పుక్కిలించమనేది. ఇక్కడ అదే కరక్కాయ గుడ్డకు పడుతోంది, అదే పటిక రంగును గుడ్డలో నిలబెడుతోంది. ఎరుపునిచ్చే మంజిష్ఠ ఆయుర్వేదంలో చర్మరోగాలకు వాడే వేరు. నీలిరంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. మనవాళ్ళు దాన్ని నీలిమందు అనే పిలుచుకున్నారు.

మందూ రంగూ ఒకే కొట్టులో, పక్కపక్క డబ్బాల్లో బతికిన ప్రాంతం మనది. అందుకే డాక్టర్లు రంగురంగుల బట్టలు వేసుకోవచ్చా, వేసుకుంటే వాళ్ళ గౌరవం తగ్గుతుందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు బందరు గుర్తొస్తుంది. ఈ ప్రశ్నకు ఇక్కడ నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

డచ్చివాళ్ళు 1605లో బందరు రేవుకు వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఈ రేవు నుంచి వాళ్ళు కోరి పట్టుకెళ్ళింది అద్దకం గుడ్డ. ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ కొలువు చేసిన విలియం మెథ్‌వోల్డ్ 1626లో అచ్చయిన గోల్కొండ వర్ణనలో ఈ గుడ్డల రంగుల గురించీ, ఎరుపునిచ్చే చిరివేరు గురించీ రాశాడు. ఐరోపాలో అప్పటికి నూలుగుడ్డ మీద ఇంత గట్టిగా నిలిచే రంగు వేయడం ఎవరికీ తెలియదు. మన గుడ్డ ఉతికినకొద్దీ తేటగా కనిపించేది.

ఆ గుడ్డతో అక్కడివాళ్ళు కుట్టించుకున్న వాటిలో ఒకటి వదులైన పొడవాటి గౌను. మన బనియా వర్తకుల పేరు మీద దాన్ని బనియన్ అన్నారు. ఇవాళ మనం చొక్కా కింద తొడుక్కునే బనియన్‌ది కూడా ఆ పేరే. బిగుతు కోట్లు, విగ్గులు విప్పేసి ఇంట్లో చదువుకునేటప్పుడు పండితులు, శాస్త్రవేత్తలు, వైద్యులు ఈ గౌను వేసుకునేవారు. లండన్‌లో శామ్యూల్ పెపీస్ 1666లో తన బొమ్మ గీయించుకోవడానికి ఇండియా గౌనును అద్దెకు తెచ్చుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఫిలడెల్ఫియా డాక్టరు బెంజమిన్ రష్ 1780ల్లో ఇలాంటి గౌనులోనే చార్లెస్ విల్సన్ పీల్ చేత బొమ్మ వేయించుకున్నాడు. వదులు బట్టల్లో బుద్ధి చురుగ్గా పని చేస్తుందన్నది ఆయన అభిప్రాయం. ఆయన గౌను బందరు గుడ్డేనని నేను అనను, అవి పట్టుతోనూ కుట్టేవారు. కానీ తూర్పు దేశపు గౌను చదువుకున్నవాడి గుర్తుగా నిలిచిన కాలం అది. రంగు వేసుకున్న డాక్టరును ఎవరూ తేలికగా చూడలేదు.

ఆ మోజు ఎంత ముదిరిందంటే ఫ్రాన్సు 1686లో అద్దకం గుడ్డను నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1721 నుంచి 1774 దాకా నూలు అద్దకాలను కట్టడి చేసింది. వాళ్ళ మగ్గాలను కాపాడుకోవడానికి మన రంగులకు సంకెళ్ళు వేశారు.

మరి తెల్లకోటు ఎప్పుడొచ్చింది? చాలా ఆలస్యంగా. ఈ సంగతి కళ్ళకు కట్టే బొమ్మలు రెండున్నాయి, రెండూ ఫిలడెల్ఫియా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ వేసినవే. 1875 నాటి బొమ్మలో డాక్టర్ గ్రాస్ నల్లకోటుతో నిలబడి తొడ కోస్తున్నాడు, చేతికి నెత్తురు, చుట్టూ సహాయకులవీ నల్లకోట్లే. 1889 నాటి బొమ్మలో డాక్టర్ ఆగ్న్యూ, ఆయన బృందం తెల్లబట్టల్లో ఉన్నారు. మధ్యలో గడిచింది 14 ఏళ్ళే. కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలను కాపాడవచ్చని జోసెఫ్ లిస్టర్ 1867లో చెప్పిన మాట ఆ ఏళ్ళలో అమెరికా ఆసుపత్రులకు ఎక్కింది. క్రిమి కంటికి కనబడదు, మరక కనబడుతుంది. మరక పడితే దాచలేని రంగు కాబట్టి తెలుపును ఎంచుకున్నారు. తెల్లకోటు గొప్పతనం ఏదైనా ఉంటే అది ఈ నిజాయితీలో ఉంది, హోదాలో లేదు.

ఆపరేషన్ గదిలో ఆ తెలుపు ఎంతోకాలం నిలవలేదు. గట్టి దీపాల వెలుగులో తెల్లగుడ్డలు కళ్ళు చెదరగొడుతున్నాయని శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్ 1914లో పాలకూర ఆకుపచ్చ రంగుకు మారాడు. కారణం ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎర్రటి కుంకుమ బొట్టును అర నిమిషం రెప్ప వాల్చకుండా చూసి వెంటనే తెల్లగోడ వైపు చూపు తిప్పండి, పచ్చటి మచ్చ ఒకటి గోడ మీద తేలుతుంది. నెత్తురు మీద గంటల తరబడి చూపు నిలిపే సర్జనుకు తెల్లగుడ్డ మీద అలాంటి మచ్చలే తేలతాయి. ఆకుపచ్చ గుడ్డ మీదైతే అవి కలిసిపోతాయి, కంటికి సేద దొరుకుతుంది. రంగును సరదాకు కాక పనికోసం పెట్టుకున్నారన్నమాట.

బందరులో డాక్టరు బట్టకు ఇంకో అర్థం కూడా వచ్చింది. 1880లో గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. చేతినిండా రాబడి ఉన్న ఆ ప్రాక్టీసును వదిలి జాతీయోద్యమంలోకి వెళ్ళిపోయారు, ఖద్దరు కట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. 1923లో ఇదే ఊళ్ళో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. పక్కనే భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య పనిచేసింది ఆ కళాశాలలోనే, ఆయన 1921లో బెజవాడలో గాంధీజీకి జాతీయ జెండా నమూనా చూపించారు. డాక్టరు పట్టాభి గారి ఖద్దరు తెలుపు వేరు, ఆసుపత్రి తెలుపు వేరు. ఒకటి మిల్లుగుడ్డ మీద తిరుగుబాటు, ఒకటి మురికి మీద కాపలా. బట్ట ఊరికే ఒంటిని కప్పేది కాదని, వేసుకున్నవాడి పక్షం చెప్పేదని ఆ తరానికి బాగా తెలుసు. 

ఇక ఇప్పటి మాట. 2022 చివర్లో మన రాష్ట్ర వైద్య విద్యాశాఖ మెడికల్ విద్యార్థులకు జీన్సు, టీషర్టు వద్దంది, ఏప్రాన్ తప్పనిసరి అంది. మరుసటి ఏడాది, 2023లో, బందరులోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరుచుకుంది. ఈ పిల్లలు కొత్త ఏప్రాన్లు తొడుక్కుని వార్డుల్లో తిరుగుతుంటే నాకూ గర్వంగానే ఉంటుంది. ఆ కోటు వెనక అమ్మానాన్నల అప్పులుంటాయి, ఏళ్ళ తరబడి చదువులుంటాయి. దాన్ని తీసి పారేయమని ఎవరికి చెప్పగలం?

అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఆలోచిస్తే తెల్లకోటుకు గట్టి పని ఒకటి కనిపిస్తుంది. వానాకాలంలో దివిసీమ పొలాల్లో పాము కరిచినవాణ్ణి అర్ధరాత్రి ఆటోలో వేసుకొస్తారు. గుమ్మంలో అడుగు పెట్టగానే డాక్టరు ఎవరో తెలియాలి. ఎవర్నీ అడిగే సమయం ఉండదు. అమ్మాయి డాక్టర్ల సంగతి ఇంకొకటి. కోటు లేకపోతే ‘సిస్టరూ, డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?’ అని వాళ్ళనే అడుగుతారు. రంగుబట్టలు కావాలనేవాళ్ళు ఈ రెండింటికీ జవాబు చెప్పి తీరాలి. నా జవాబు ఏమిటంటే, అత్యవసర వార్డులో కోటు ఉండాల్సిందే. మిగతా చోట గుండె మీద అరచేయంత పలక, దాని మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ‘డాక్టరు’ అని, కింద పేరు. ఇంగ్లీషులో గీకిన చిన్న బిళ్ళను దివిసీమ ముసలమ్మ ఎలా చదువుతుంది?

పిల్లల వార్డు దగ్గర మాత్రం నేను రాజీపడను. మా అక్క మనవణ్ణి నాలుగేళ్ళప్పుడు ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తెల్లకోటు కనబడగానే వాడు వాళ్ళమ్మ మెడ కరుచుకుపోయాడు. ఆయన ఏమీ అనలేదు. లేచి కోటు విప్పి మేకుకు తగిలించి, లోపలి నీలి గళ్ళ చొక్కాతో వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు ఆ గళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఏడింటి దగ్గర తప్పాడు, ఆయన సరిచేశాడు, ఆ లోపల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టనే పెట్టాడు. అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరించి పెంచిన పిల్లలకు తెల్లకోటు అంటే సూదే. పెద్దలకూ ఆ బెదురు పూర్తిగా పోదు, కోటు చూడగానే బీపీ పెరగడానికి వైద్యులే పేరు పెట్టారు, వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అని. న్యూయార్క్ ఆసుపత్రుల్లో 1986లో సర్కస్ విదూషకులు పిల్లల వార్డులకు వెళ్ళి నవ్వించడం మొదలెట్టారు. మన డాక్టర్లను విదూషకులు కమ్మని అడగడం లేదు, ఒక మంచి గుడ్డ కట్టుకోమంటున్నాం అంతే.

శుభ్రత మాటేమిటని అడుగుతారు, అడగాలి కూడా. బ్రిటన్ ఆరోగ్యశాఖ 2007లో పొడుగు చేతుల తెల్లకోట్లనే మానుకోమంది. మోచేతుల కింద గుడ్డ, గడియారం ఏదీ ఉండకూడదని, చేతులు కడుక్కోవడానికి అడ్డం రాకూడదని కారణం చెప్పింది. వారమంతా వేసుకుని బండి సీటు మీద పడేసే ఏప్రాన్ కంటే రోజూ ఉతికే పొట్టిచేతుల రంగు చొక్కా మేలు.

పెడన గుడ్డ ఆ ఉతుకుకు తట్టుకుంటుందా? షెడ్డులో నేను చూసింది చెబుతాను. అద్దకం పనివాడు టేకు అచ్చును పటిక నీళ్ళలో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్కటి చరుస్తాడు. అచ్చు తీస్తే అక్కడ చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు. కళ్ళు చికిలించి, పక్క అచ్చు అంచుకు అంచు కలిపి మళ్ళీ చరుస్తాడు. ఆ గుడ్డ కాలవ నీళ్ళలో జాడించాక ఎర్రరంగు వేరుతో కలిసి పొయ్యి మీద కాగులో ఉడుకుతుంది. ఒకాయన కర్రతో తిప్పుతుంటే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. ఉడుకునీళ్ళలోనే పుట్టిన రంగు అది, వేడికి బెదరదు. బ్లీచింగ్ పౌడరుకు మాత్రం నిలవదు. కాబట్టి నెత్తురూ చీమూ తగిలే వార్డులకు ఇది పనికిరాదు, పిల్లల ఓపీకి, టీకాల గదికి పనికొస్తుంది.

కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకు పసుపు పెట్టుకునే ఇళ్ళు మనవి. ఈ కొత్త బట్టనూ అలాగే మొదలెడదాం, బందరు కాలేజీకి పెడన దగ్గరే. పిల్లల విభాగానికి పది పొట్టిచేతుల చొక్కాలు కుట్టించి, ఆసుపత్రి చాకిరేవులో వేడినీళ్ళకు వేసి నెల రోజులు చూడండి. జేబు మీద చిలక అచ్చు పెద్దదిగా వేయించండి, పడుకున్న పిల్లాడికి చెయ్యి చాస్తే అందేంత కిందగా.