అమరావతి శిలలు - ఒక చట్టము

తిల్దా నుంచి రాయపూరు వెళ్ళినప్పుడెల్లా, 1875లో వెలసిన అక్కడి ప్రదర్శనశాలను చూచి రావడం నాకు అలవాటు. సిర్పూరులో దొరికిన బౌద్ధ కంచువిగ్రహాలు తమ మహానదీ సీమను విడువక అక్కడ నిలిచి ఉన్నవి. వాటిని చూచినప్పుడు, తమ సీమకు దూరమైన మన అమరావతి శిలలు మనసులో మెదలక మానవు.

1798 ప్రాంతాన కాలిన్ మెకంజీ చూచేనాటికే ఆ స్తూపపు రాళ్ళు కొత్త కట్టడాలకు తరలిపోతున్నవి. ఆయన 1816లో మరల వచ్చి కొలతలు తీయించి, బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరి, 1859లో ఓడ యెక్కినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియం సొత్తయినవి. నూటికి పైగా శిల్పాలు నేడు అక్కడ ఉన్నవి.

వాటిని తిరిగి యిమ్మని అడగడం సులభమే. కాని అడ్డు నిలిచేది ధర్మకర్తల మనసు మాత్రమే కాదు. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం కూడా. దాని 5వ సెక్షను ప్రకారం వస్తువును వదులుకొనడానికి ప్రధానంగా మూడే దారులు: అది మరొక దానికి సరిజోడు కావలె, లేదా 1850కి తరువాతి అచ్చుప్రతియై, దాని ఛాయాప్రతి ఉండవలె, లేదా ఉంచదగనిదై, అది పోయినందువల్ల విద్యార్థులకు నష్టం కలుగకుండవలె. అమరావతి శిల ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడదు.

ఈ కట్టుదిట్టం కేవలం దురుద్దేశంతో పుట్టినదనలేము. ఒకనాటి ధర్మకర్తల తొందరపాటుకు తరతరాల సంపద బలి కాకూడదన్న జాగ్రత్త దానిలో ఉన్నది. లోపం వేరొక చోట ఉన్నది. వస్తువు ఎట్లా పోవచ్చునో ఆ చట్టం అడుగుతుంది. ఎట్లా వచ్చినదో అడగదు.

2005లో ఈ లోపం తేటపడినది. నాజీలు ఫెల్డ్‌మాన్ అనే యూదు సేకర్త ఇంట దోచిన నాలుగు చిత్రాలను తిరిగి యిచ్చుటకు మ్యూజియమే సుముఖమైనా, నైతికబాధ్యత చట్టాన్ని దాటజాలదని లండను హైకోర్టు తీర్పు చెప్పినది. 2009లో పార్లమెంటు నాజీకాలపు దోపిడి సొత్తుకు మాత్రం వేరే చట్టం చేసి ఆ తలుపు తెరచినది.

గుండ్లకమ్మ తీరపు చందవరం శిల్పం కథ వేరు. అపహరణకు గురియైన ఆ బుద్ధారాధకుల ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2016లో మనకు అప్పగించినది. అక్కడ చోరీకి నిదర్శనం దొరికినది. అమరావతి శిలలను తరలించినది ఆనాటి ప్రభుత్వమే. కనుక చోరుని వెదకి లాభం లేదు.

మన వాదం చేరవలసినది మ్యూజియం వాకిటికి కాదు, శాసనకర్తల సభకు. అక్కడ నిలువగలిగేది ఆవేశం కాదు. ఏ శిల ఎప్పుడు, ఎవరి ఆజ్ఞపై కదలినదో చెప్పే చరిత్ర. దానిని తెలుగులో సమగ్రంగా వ్రాసి, ఇతర భాషలకు అందించడం మన రచయితల వంతు.