హెచ్చుచు తగ్గుచు వచ్చు ధ్వని

రాత్రివేళ దూరపు కేంద్రమును పట్టి వినుచుండగా పాట ఒకసారి గదియంతయు నిండి, మరుక్షణముననే నూతిలోనుండి వచ్చినట్లు సన్నగిల్లుట రేడియో గల ఇండ్లవా రెరిగినదే. సెట్టు చెడినదని కొందరు దానిని తట్టుదురు. పాపము, దాని దోషమేమియు లేదు.

1902లో మార్కోనీ ఫిలడెల్ఫియా అను ఓడపై అట్లాంటిక్ సముద్రమున పయనించుచు, పగలు సుమారు 700 మైళ్లకే అణగిపోయిన సంకేతములు రాత్రి 2,000 మైళ్లు దాటియు వినవచ్చుట గమనించెను. 1924లో ఇంగ్లండున ఆపిల్టన్, బార్నెట్ అనువారు బోర్న్‌మత్‌లోని బి.బి.సి. ప్రసారయంత్రముతో పరీక్షించి, పై ఆకాశమున నున్న విద్యుత్పూరితమైన పొర తరంగములను మరలించుచున్నదని నిరూపించిరి. నేలవెంట వచ్చిన తరంగమును, పైనుండి మరలివచ్చిన తరంగమును ఒకప్పుడు కలిసి బలపడును. ఒకప్పుడు ఒకదానినొకటి అణచివేయును.

రోగము తెలిసినను మందును చాలకాలము వినువాని యింటనే వెదకిరి. 1926 ప్రాంతమున అమెరికాలో హెరాల్డ్ వీలర్, ధ్వనిని సెట్టు తనంతతానే సరిదిద్దుకొను ఏర్పాటు కనిపెట్టెను. లాంగ్ ఐలండ్‌లోని రివర్‌హెడ్ కేంద్రమున దూరదూరముగా ఏరియళ్లు నిలిపిరి. ఒకదానివద్ద తరంగము క్షీణించినవేళ వేరొకదానివద్ద బలముగా నుండవచ్చును గదా! పంపువానికి మాత్రము ఈ సంగతులేవియు తెలియవు. షార్ట్‌వేవ్ కేంద్రములు పగలొక మీటరుపైనను, రాత్రి మరియొక మీటరుపైనను ప్రసారము చేసినవి గాని, అది అనుభవముతో కూడిన ఊహయే.

వినువాడు బదులు చెప్పగలిగిన నెట్లుండును? 1968లో హేస్, 1972లో కేవర్స్ అనువారు దీనిని గణితముతో విచారించిరి. మార్గము బాగున్నంతసేపు వేగముగను, చెడినప్పుడు నెమ్మదిగను పంపవలెనన్నమాట. ఈ ఆలోచన 1999లో మొబైలు ఫోనుల కేర్పరచిన పద్ధతిలో ముచ్చటగా కనబడును. ఆ మార్గమున సెకనుకు 22,800 బిట్లు పోవును. సంకేతము బలముగానున్న 12,200 బిట్లు మాటకే కేటాయించి, మిగిలినవి తప్పులు దిద్దుటకు వినియోగింతురు. అది క్షీణించిన కొలదియు మాట భాగము తగ్గి 4,750కి దిగును, మిగిలినదంతయు రక్షణకే. వరదనాడు సరకు తగ్గించి పడవను గట్టు చేర్చు సరంగు నేర్పిది. గొంతు కొంత బొంగురుపోవును గాని మాట తెగదు.

2002లో ఏర్పడిన మరియొక పద్ధతిలో ఫోను తన స్థితిని తెలుపుచుండగా, కేంద్రము సెకనులో 500 మార్లు పంపువిధము మార్చుకొనగలదు. చలనచిత్రములు చేతిలోనికి వచ్చుట కిది తోడ్పడినది. బలము తగ్గినపుడు బొమ్మ మసకబారినను సరే, మాట ఆగరాదని మా అభిప్రాయము; రేడియోవారము గనుక పక్షపాత మనుకొన్నను అనుకొనవచ్చును.

అయితే లక్షల ఇండ్లకు ఒక్కమారుగా పంపు ప్రసారమునకు ఈ సౌకర్యము లేదు. ఏ యింటివారికిని బదులు చెప్పు దారి లేదు. పాత రేడియోలో దూరపు శ్రోత సన్నని ధ్వనినైనను చెవి యొగ్గి వినును. డిజిటల్ రేడియోలో హద్దు దాటిన ధ్వని సన్నగిల్లదు, ఒక్కమారుగా తెగిపోవును. ఎక్కువ బిట్లతో సొంపుగా పంపిన దగ్గరి శ్రోతలు సంతసింతురు, పొలిమేర గ్రామములకు ఏమియు వినబడదు. తగ్గించి పంపిన వారికిని వినబడును, సంగీతము మాత్రము కొంత పలుచబడును. ఈ రెంటిలో ఏది కావలెనో ప్రసారమునకు ముందే ఇంజనీరు నిర్ణయింపవలసియున్నది.