గడియ వేయని తలుపు

కృష్ణా జిల్లాలో మా నాన్న పుట్టిన ఇంట్లో ఏటా మాఘమాసంలో ఒక రాత్రి వీధి తలుపుకి గడియ వెయ్యరు. ఆ రాత్రి మా ఇంటి పేరంటాలు వస్తుందని నమ్మకం. గోడకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చలిమిడీ వడపప్పూ పెడతారు. కొత్త బట్ట పెడతారు. చిన్నప్పుడు ఆ రాత్రి తలుపు గాలికి కిర్రుమన్నప్పుడల్లా నేను నాయనమ్మ పక్కలో ముడుచుకుపోయేదాన్ని. "భయమెందుకే, మన పిల్లేగా" అనేది నాయనమ్మ. అమ్మవారు అనకుండా పిల్ల అని ఎందుకన్నదో అడగాలని నాకు ముప్ఫయ్యేళ్ళు దాటేదాకా తోచలేదు. అప్పటికి నాయనమ్మ లేదు.

నన్ను ఈ వెతుకులాటలోకి దించింది భక్తి కాదు, ఒక సంతకం. మా ఉమ్మడి ఆస్తిలో 'పేరంటాలు చేను' అని అరెకరం ఉంది. దాని మీద వచ్చేది ఆమె దీపానికీ, బట్టకీ. దాన్ని ఇప్పుడు అమ్ముతున్నామనీ, ఆడపిల్లలందరం వచ్చి సంతకాలు పెట్టాలనీ బాబాయి కబురు చేశాడు. నాన్న చనిపోయాడు కనక ఆయన వాటాకి నా సంతకం కూడా కావాలి. ఈ పేరంటాలు ఎవరు బాబాయ్ అని అడిగితే, ఆయన తయారుచేసిన వంశవృక్షం తెచ్చి చూపించాడు. ఏడు తరాలు. అందులో ఒక్క ఆడపేరు లేదు. సాహిత్యంలో డాక్టరేట్ చేశాను, పుస్తకాల్లో స్త్రీల గొంతు ఎక్కడ ఆగిపోయిందో వెతకడమే నా పని. మా ఇంటి గోడ మీదున్న బొట్ల వెనక ఎవరున్నారో మాత్రం ఎన్నడూ చూడలేదు.

పేరంటానికి పిలవదగిన ముత్తయిదువ పేరంటాలు. అకాలంగా చనిపోయి పూజలందుకునే స్త్రీకి కూడా తెలుగునాట అదే పేరు. కోస్తాలో ఇలాంటి ఇంటి పేరంటాళ్ళు, ఊరి పేరంటాళ్ళు ఎందరో. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ అందరికీ తెలిసిందే. అత్తింటి ఆరళ్ళు, భర్త గోపయ్య పులివాత పడటం, ఆమె అగ్నిలో కలిసిపోవడం, ఆ తర్వాత గుడి, తిరునాళ్ళు. నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మిషనరీ ఎల్మోర్ 1915లో అచ్చయిన తన పుస్తకంలో, చనిపోయిన ఆడవాళ్ళు గ్రామదేవతలైన కథలు సేకరించాడు. ఇలాంటి కథలు వరసగా చదువుతుంటే ఒక సంగతి అర్థమవుతుంది. బాధ రెండు ముక్కల్లో అయిపోతుంది, మహిమ మాత్రం పేజీలకు పేజీలు. మహిమ మొదలైన చోట, అసలేం జరిగిందన్న ప్రశ్న ఆగిపోతుంది.

మా ఇంటి మగవాళ్ళు చెప్పే కథా అంతే. పెళ్ళై అత్తవారింటికి వెళ్ళిన పిల్లకి ఒక రాత్రి అమ్మవారి పిలుపు వచ్చిందట. నడుచుకుంటూ పుట్టింటికి వచ్చి పెరటి బావిలో కలిసిపోయిందట. తెల్లారేసరికి బావి నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయట.

ఆడవాళ్ళని అడిగితే ఎవరూ కథ చెప్పలేదు. ఏం చేయాలో చెప్పారు. ఆమెకి పెట్టాల్సింది చీర కాదు, పరికిణీ గుడ్డ. ఆ రోజు పెరటి బావి నీళ్ళు తోడకూడదు. తలుపుకి గడియ వెయ్యకూడదు. ఇవన్నీ రాసుకుంటూ పరికిణీ దగ్గర ఆగిపోయాను. మూడు మూరలే ఉండాలట, ఎక్కువ తీసుకోకూడదట. ముత్తయిదువకి పరికిణీ ఏమిటి? ఆ కొలతలో ఒక పిల్ల వయసుంది. అత్తగార్లు కోడళ్ళకి కొలత మారకుండా అప్పజెబుతూ వచ్చారు.

మా పెద్దత్త ఇంకో సంగతి చెప్పింది. 1978లో తన పెళ్ళిపందిట్లో నాయనమ్మకి పూనకం వచ్చిందట. పేరంటాలు పలికింది, శుభమని అందరూ హారతులిచ్చారట. ఏం పలికింది అత్తా అంటే, పెద్దత్త చాలాసేపు మాట్లాడలేదు. "చిన్నపిల్ల గొంతుతో, నాన్నా నేనే, తలుపు తియ్యి, అంది. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ."

మా ఇంట బట్టలుతికిన కుటుంబంలో ఇప్పుడు ఎనభై దాటిన మామ్మ ఉంది. పేరంటాలుకి పెట్టిన పరికిణీ గుడ్డ ఏటా తీసుకెళ్ళేది వాళ్ళే. ఎందుకు మీకే ఇస్తారు మామ్మా అని అడిగాను.

"బావిలోంచి తీసింది మా వాళ్ళేగా అమ్మాయిగారూ. ఆ తడిబట్ట కూడా మాకే ఇచ్చారంట. మా అత్త వాళ్ళత్త చెప్పేదంట. పసుపు కుంకుమ కింద అరెకరం రాసిస్తామని మీ పెద్దలు మాటిచ్చి రాయలేదంట. రాయించుకుని రమ్మని ఆళ్ళు కొట్టి పంపారు. రాత్రేళ వచ్చి తలుపు కొట్టింది. తీస్తే ఉండిపోద్దని తియ్యలేదు. వీధంతా విన్నారు."

పెద్దవాళ్ళింటి మాట, ఎవరంటారు అంది మామ్మ. మా చరిత్రని మా వంశవృక్షం కాదు, మా మైలబట్టలు మోసిన వాళ్ళు దాచారు. వాళ్ళు నోరు విప్పకుండా ఉండటానికి కులం సరిపోయింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, చదువురాని ఆడవాళ్ళ మాట కూడా చరిత్రేనని తెలుగులో గట్టిగా చెప్పినట్టయింది. ఆ పుస్తకం గురించి వ్యాసాలు రాసినదాన్ని, మామ్మ దగ్గరికి వెళ్ళడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాను.

గురజాడ పూర్ణమ్మ కూడా నీళ్ళలోకే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అన్నదమ్ముల్ని కోరుకున్నవాటిలో ఒకటి, తమ పిల్లల్లో ఒకరికి తన పేరు పెట్టమని. మా ఇంట్లో ఆ కోరిక తీరినట్టే కనిపిస్తుంది. తరానికో ఆడపిల్లకి పేరంటాలు అని పెడుతూనే వచ్చారు. మా పెద్దత్త పేరు అదే. కానీ అది ఆ పిల్ల పేరు కాదు. చచ్చిపోయాక ఇచ్చిన హోదా. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏ గోడ మీదా లేదు, మామ్మకీ తెలియదు.

ఆ అరెకరం మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లకి రాయని చేను పేరంటాలుకి రాశారు. దీపం పెట్టేదీ పంట తినేదీ ఆ ఇంటి మగవాళ్ళే.

ఇప్పుడు చట్టాలున్నాయి. 1983లో 498-ఎ, 1986లో 304-బి వచ్చాయి. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లయ్యాయి. రెండూ భర్తనీ అతని తరపు వాళ్ళనీ అడుగుతాయి. పుట్టింటి తలుపు లోపలివాళ్ళు ఆ సెక్షన్లకి కనపడరు. సర్దుకుపొమ్మని కూతుళ్ళని వెనక్కి పంపే తలుపులు ఈనాటికీ ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. ఆస్తి సంగతి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళైనవాళ్ళకి అది వర్తించదన్నారు. 1978లో పెళ్ళైన పెద్దత్త బయటే ఉండిపోయింది. 2005 కేంద్ర సవరణతో ఆమెకీ హక్కొచ్చింది. వచ్చిన హక్కుని చీరె పెట్టి, పసుపు కుంకుమ అంటూ సంతకం చేయించుకోవడం మా వైపు మామూలే.

మొన్న మాఘంలో ఊరెళ్ళాను. కాగితాలు బల్ల మీదున్నాయి, పక్కన మా ఇద్దరికీ చీరెలు. చేను అమ్మడం కాదు, ఆడపిల్లల పేర రాయడం సంగతి మాట్లాడదాం అన్నాను. బాబాయి లేచి వెళ్ళిపోయాడు. పెద్దత్త నా వంక చూసి, పెన్ను కింద పెట్టింది. మాట ఇంకా తేలలేదు. చిన్నాన్నలు నాతో మాట్లాడటం మానేశారు.

ఆ రాత్రి పెద్దత్తా నేనూ వసారాలోనే పడుకున్నాం. తలుపు గాలికి కదిలినప్పుడు నాకు భయం వెయ్యలేదు, సిగ్గేసింది. నూరేళ్ళు దాటినా ఏటా తెరుస్తూనే ఉన్నాం, ఆమె కొట్టిన ఆ ఒక్క రాత్రి తప్ప.

మీ ఇళ్ళల్లోనూ పేరంటాళ్ళుంటారు. బొట్టు పెట్టేముందు ఆమె పేరేమిటని అడగండి. ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే, ఇంటి బయట అడగండి.